మన సముద్రం ఆ రంగులో ఉండదు

విశాఖ మధురవాడలో ఒక స్నేహితురాలి కొత్త ఫ్లాట్ గృహప్రవేశానికి వెళ్ళాను. తొమ్మిదో అంతస్తు. హాల్లో సోఫా వెనక గోడకి రెండడుగుల గుండ్రటి రెసిన్ సముద్రం తగిలించి ఉంది. రెసిన్ అంటే ద్రవంగా పోస్తే గాజులా గట్టిపడే పదార్థం. దానికి రంగులు కలిపి బోర్డు మీద పోసి చేసిన బొమ్మ. ఆకుపచ్చ కలిసిన లేత నీలం నీళ్ళు, పాల నురగ, పంచదార పోసినట్టు తెల్లటి ఇసుక. వచ్చినవాళ్ళంతా దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. ఆ గోడకి ఎదురుగా బాల్కనీ. తలుపు తీసి ఉంది. అవతల రుషికొండ వైపు అసలు సముద్రం కనిపిస్తోంది. నవంబరు నెల, మబ్బు పట్టి ఉంది. నీళ్ళు పలక రంగులో ఉన్నాయి. ఒడ్డున ఇసుక తడిసిన బెల్లంలా ఉంది. స్నేహితురాలి అత్తగారు గోడనీ బాల్కనీనీ మార్చి మార్చి చూసి, "ఇది ఏ ఊరి సముద్రం అమ్మా?" అని అడిగారు.

ఆ బొమ్మ చేసింది నేనే. ఏం చెప్పాలో తోచలేదు.

ఆవిడ ఎత్తిపొడవడానికి అడగలేదు, తెలుసుకుందామనే అడిగారు. అందుకే ఆ మాట నన్ను వదల్లేదు. ఏడాది దాటింది. ఈలోగా నేను పోసే సముద్రం మారింది, పోసే పద్ధతి మారింది. ఈ ఊళ్ళో రెసిన్ పని చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, చేద్దామనుకునేవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. వాళ్ళందరితో గట్టిగా చెప్పాలనుకుంటున్న మాట ఒకటుంది. విశాఖలో ఉండి సముద్రం బొమ్మ చేసేటప్పుడు ముందు మన సముద్రం దగ్గరికి వెళ్ళి చూడండి. ఫోన్‌లో చూసిన సముద్రాన్ని పోయకండి.

అందరం ఒకే నీలం ఎందుకు పోస్తున్నామో నాకు తెలుసు, నేనూ నాలుగేళ్ళు అదే పోశాను కాబట్టి. మొదట కొనే రంగుల సెట్‌లోనే ఆ నాలుగు రంగులు వస్తాయి. టర్కాయిస్, టీల్, ముదురు నీలం, తెలుపు. నేర్పే వీడియోలన్నీ ఆ నాలుగింటితోనే మొదలవుతాయి. ఆ వీడియోల్లోని సముద్రాలు ఆ రంగులో ఉండటానికి కారణం ఉంది. పగడపు దిబ్బలున్న చోట ఇసుక అంటే పగడాల పొడి, గవ్వల పొడి. తెల్లగా ఉంటుంది. నీళ్ళు లోతు తక్కువ, మట్టి కలవదు. ఎండ నేరుగా అడుగుదాకా వెళ్ళి ఆ తెలుపుకి తగిలి పైకి వస్తుంది. అందుకే ఆ మెరుపు. ఆ బొమ్మ వేసినవాళ్ళు వాళ్ళ కళ్ళ ముందున్నదే వేశారు. మనం మాత్రం వాళ్ళ కళ్ళ ముందున్నది వేస్తున్నాం.

మన ఒడ్డు కథ వేరు. ఇది తూర్పు కనుమల రాయి అరిగి అరిగి వచ్చిన ఇసుక. ఆ రాయికి ఖోండలైట్ అని పేరు, కోందు గిరిజనుల పేరు మీద పెట్టారు. అందులో ఎర్రగా మెరిసే గార్నెట్ రేణువులు ఉంటాయి. మన ఇసుకలో నల్లటి ఇల్మనైట్ ఖనిజం కూడా కలిసి ఉంటుంది. భీమిలి వెళ్ళే దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసే ఉంటారు. ఊరికి ఇటు వైపు బంగారు రంగు, అటు వైపు జేగురు రంగు, మధ్యలో నల్ల చారలు. తెల్ల ఇసుక ఎక్కడుంది మనకి?

రుషికొండ దగ్గర అల వెనక్కి వెళ్ళిన వెంటనే వంగి చూడండి. ఒక గవ్వో, చిన్న రాయో ఇసుకలో సగం కూరుకుపోయి ఉంటుంది. నీళ్ళు దాని చుట్టూ తిరిగి సముద్రంలోకి జారిపోతాయి. తేలికగా ఉండే రేణువులు నీళ్ళతో పాటు పోతాయి. నల్లవి బరువు, అంత తొందరగా కదలవు. గవ్వ వెనకాలే సన్నగా తోకలా ఆగిపోతాయి. క్షణం ఆగితే ఆ తోక విచ్చుకుని నెమలి ఈక ఆకారంలోకి వస్తుంది. ఈనె నల్లగా, అంచులు గోధుమ రంగులో, ఇంకా దగ్గరగా చూస్తే అంచుల్లో గులాబీ రంగు చుక్కలు. ఆ గులాబీ గార్నెట్. తర్వాత అల వచ్చి మొత్తం తుడిచేస్తుంది. నేను ఈ ఊళ్ళో పుట్టి పెరిగాను, ఆ ఈకని మొదటిసారి చూసింది నలభై ఏళ్ళు దాటాక. అది కూడా ఆ పెద్దావిడ అడిగిన మాట వల్ల.

ఆ ఈకని బోర్డు మీదికి తేవడానికి నాకు రెండు నెలలు పట్టింది. ముందు బోర్డు మీద జిగురు రాసి సన్నటి గోధుమ ఇసుక పరిచాను. అది ఆరాక నల్ల ఐరన్ ఆక్సైడ్ పొడిని మెత్తటి కుంచెతో, అల వెనక్కి వెళ్ళే దిక్కులోనే, ఒక్క లాగు లాగాను. రెండోసారి కుంచె తగిలితే మసి పులిమినట్టు అయిపోతుంది. ఎరుపు కోసం హార్డ్‌వేర్ షాపులో దొరికే రెడ్ ఆక్సైడే, పాత ఇళ్ళ గచ్చుకి వేసేది. ఎర్రమట్టి దిబ్బల నుంచి మాత్రం చిటికెడు కూడా తేవద్దు. అవి భూగర్భ వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన దిబ్బలు. ఒక్కొక్కరం ఒక్కో చిటికెడు తెచ్చుకుంటే మిగిలేది బొమ్మలే.

సూర్యుడి సంగతి ఇంకా విచిత్రం. "బీచ్ సన్‌సెట్ కావాలండీ" అని నెలకి ఒక్కరైనా అడుగుతారు. మన సముద్రంలో సూర్యుడు పుడతాడు, మునగడు. మనకి సాయంత్రం పొద్దు కొండల వెనకాల గుంకుతుంది. సముద్రం మీద నారింజ రంగు చూడాలంటే తెల్లవారుజామున లేవాల్సిందే. పొద్దున్న తెన్నేటి పార్కు దగ్గర నిలబడితే సూర్యుడు ఎదురుగా ఉంటాడు కాబట్టి నీళ్ళలో నీలమే కనిపించదు, తోమిన ఇత్తడి పళ్ళెంలా ఉంటుంది. మధ్యాహ్నం పొద్దు మన వెనక్కి తిరిగాక అదే నీళ్ళు నీలంగా మారతాయి. సాయంత్రం ఇంకోలా ఉంటుంది. కొండల అవతల పొద్దు గుంకుతుంటే సముద్రం మీది మబ్బులు పది నిమిషాలు లేత గులాబీ రంగు పట్టి, నీళ్ళు స్టీలు గిన్నె రంగులోకి దిగిపోతాయి. ఆ పది నిమిషాలు ఎవరూ పోయడం నేను చూడలేదు. అదే మన సన్‌సెట్ బీచ్.

ఇక రెసిన్ గురించి. ఎక్కడో పనికొచ్చిన పద్ధతిని ఇక్కడికి తెచ్చుకుంటే ఏమవుతుందో నాకు నేర్పింది ఈ పదార్థమే.

నేను పోసే రెసిన్ పేరు ఎపాక్సీ. చాలామంది అదేదో కొత్త వస్తువు అనుకుంటారు. మన ఇళ్ళల్లో విరిగిన పింగాణీ బొమ్మకి రెండు ట్యూబులు కలిపి రాసే అరాల్డైట్ ఈ జాతిదే. స్విస్ రసాయన శాస్త్రవేత్త పియరీ కాస్టాన్ పళ్ళ సెట్లకి పనికొచ్చే పదార్థం కోసం వెతుకుతూ 1930లలో దీని మీద పని చేశాడు. ఆ హక్కులు తీసుకున్న సీబా కంపెనీ 1946లో అరాల్డైట్‌ని బయటికి తెచ్చింది. ట్యూబులో ఉన్నప్పుడు జిగురు, లీటర్ల లెక్కన పోస్తే గాజు పలక. రెండిటిలోనూ జరిగేది ఒకటే. రెసిన్, హార్డెనర్ అని రెండు భాగాలు. కలిపితే వేడి పుట్టి, ఒకదాన్నొకటి పట్టుకుని, మళ్ళీ విడదీయలేని వలలా గట్టిపడతాయి.

నేను పెదవాల్తేరులో ఉంటాను. పెదజాలారిపేట ఒడ్డు దగ్గరే. అక్కడ ఫైబర్ పడవలకి మరమ్మతు చేసే బాబాయ్ ఒకరున్నారు. కన్నం పడ్డ చోట గాజు గుడ్డ పరిచి, రెసిన్ పూసి, రోలరుతో గాలి బుడగలు తీస్తుంటే గంటలు గంటలు చూశాను. ఒకసారి ముసురు పట్టిన రోజు ఆయన డబ్బాలో క్యాటలిస్ట్, అంటే రెసిన్ గట్టిపడేలా చేసే మందు, చుక్కలు మామూలు కన్నా ఎక్కువ వేశారు. ఎందుకని అడిగితే, "వానగాలి కదా తల్లీ, నాలుగు చుక్కలు ఎక్కువెయ్యకపోతే పట్టదు" అన్నారు. ఆ మాట బుర్రలో పెట్టుకున్నాను.

ఆగస్టులో సీతమ్మధార నుంచి ఒక ఆర్డరు వచ్చింది. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు. పెళ్ళిరోజు కానుక. నాలుగు రోజులే గడువు. బుధవారం రాత్రి పోశాను, బయట వాన. బాబాయ్ మాట గుర్తొచ్చి హార్డెనర్ కొలతకన్నా కొంచెం ఎక్కువ కలిపాను. త్వరగా గట్టిపడుతుందని. పొద్దున్న చూస్తే వేలు అంటుకుంది. సాయంత్రం కూడా అంటుకుంది. మూడో రోజుకి జీళ్ళపాకంలా సాగుతోంది, పైన పాల మీగడలాంటి తెల్లటి పొర కట్టింది. దాదాపు లీటరున్నర పైచిలుకు రెసిన్, నాలుగు పొరల రంగులు, అంతా పుట్టీ బ్లేడుతో గీకి తీశాను. గీకుతుంటే ఏడుపొచ్చింది. ఆ దంపతులకి ఫోన్ చేసి విషయం చెప్పాను. పెళ్ళిరోజు దాటిపోయాక ఇంకోటి చేసి ఇచ్చాను.

గీకిన ముక్కలు ఒక కవర్లో వేసుకుని బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, "నాది వేరే మందు తల్లీ, నీది వేరే మందు. నీ డబ్బా మీద ఏం రాసుందో అదే సెయ్యాలి" అన్నారు. అంతే. నిజంగా విషయం అంతే. పడవలకి ఆయన వాడేది పాలిస్టర్ రెసిన్. అందులో క్యాటలిస్ట్ నూటికి ఒకటి రెండు పాళ్ళే. అది పెళ్ళి కుదిర్చే పెద్దమనిషి లాంటిది, తొందర పెట్టి పని జరిపిస్తుంది. వాతావరణాన్ని బట్టి కొంచెం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఎపాక్సీలో హార్డెనర్ అలా కాదు. అది పెళ్ళిలో రెండో పక్షం. ఇటువైపు ఎంతమంది ఉంటే అటువైపు అంతమందే ఉండాలి. జత దొరకనిది లోపలే మిగిలిపోతుంది, పలక ఎన్నాళ్ళున్నా మెత్తగానే ఉంటుంది. ఎక్కువ వేస్తే త్వరగా ఆరదు, అసలు ఆరదు.

ఆ రోజు నుంచి తూకం మీదే నా ప్రాణం. డబ్బా మీద 2:1 అని, అంటే రెండు పాళ్ళ రెసిన్‌కి ఒక పాలు హార్డెనర్ అని ఉంటే అది కొలత గ్లాసుతోనా, తూకంతోనా అన్నది చదవండి. రెసిన్ బరువు, హార్డెనర్ తేలిక. గ్లాసు లెక్కని త్రాసు మీద వాడితే పాళ్ళు తప్పుతాయి. రెండడుగుల మూడడుగుల బోర్డు మీద 3 మిల్లీమీటర్ల మందం రావాలంటే దాదాపు 1.7 లీటర్లు కావాలి. దాన్ని ఒకేసారి ఒకే గిన్నెలో కలిపి వదిలేయకండి, దాని వేడికి అదే ఉడికిపోతుంది. ఒక మే నెలలో నా ప్లాస్టిక్ మగ్గు అడుగు కరిగి కారిపోయింది. కలిపాక కూడా తేనె నీళ్ళలో పోసినప్పుడు కనిపించే తీగల్లాంటివి కనిపిస్తుంటే ఇంకా కలవలేదని. అంచులు, అడుగు గీకి మళ్ళీ కలపాలి. బోర్డుని రసమట్టం పెట్టి సరిచూడాలి. ఇవన్నీ ఎక్కడైనా చెబుతారు.

ఎక్కడా చెప్పనిది మన గాలి గురించి. వీడియోల్లో వాళ్ళ గది పొడిగా ఉంటుంది. విశాఖలో గాలిలో తేమ 70, 80 శాతం మామూలే. హార్డెనర్‌లో ఉండే అమైన్లు అనే రసాయనాలు ఆ తేమని, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని పైన మైనంలాంటి పొర కడతాయి. నా సీతమ్మధార బోర్డు మీద మీగడ అదే. పలక గట్టిపడి ఉంటే ఆ పొరని గోరువెచ్చని నీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి, గరుకు కాగితం పట్టి, పైన ఇంకో పొర పోసుకోవచ్చు. రాకుండా చూసుకోవడమే మేలు. నేను తేమ చూపించే చిన్న మీటరు కొనుక్కున్నాను. పోసే ముందు గంటసేపు ఏసీ వేసి గది ఆరబెడతాను. మీటరు 60 కిందకి దిగకపోతే ఆ రోజు డబ్బా మూత తియ్యను. బోర్డుకి వెనక వైపు, అంచులకి కూడా తేమ ఇంకకుండా ముందే సీలర్ పూస్తాను, లేకపోతే మన వర్షాకాలానికి ఎండీఎఫ్, అంటే చెక్కపొడిని అదిమి చేసిన బోర్డు, ఉబ్బిపోతుంది.

నురగ దగ్గర మా అమ్మ సాయం చేసింది. ఆవిడకి రెసిన్ తెలియదు, పాకం తెలుసు. తెల్లటి గీతని ఒడ్డు వెంట సన్నగా పోసి, హీట్ గన్‌తో ఊదితే అది విచ్చుకుని అల్లికలా అవ్వాలి. నాకు ఒక్కోసారి మునిగిపోయేది, ఒక్కోసారి ముద్దలా కూర్చునేది. పక్కన కుర్చీలో కూర్చుని చూస్తున్న అమ్మ, "తీగపాకం రాకుండానే పోస్తున్నావే" అంది. పుల్ల ముంచి ఎత్తితే సన్నగా తీగలా సాగి, తెగకుండా కిందికి దిగాలి. నీళ్ళలా చుక్కలు రాలితే ఇంకా ఆగాలి. ముద్దగా వేలాడితే ఉండపాకం, అదను దాటిపోయినట్టే. గడియారం చూసి ఇన్ని నిమిషాలని పోయడం అప్పుడే మానేశాను. చలికాలం ఆ తీగ రావడానికి పట్టే సమయం వేరు, వేసవిలో వేరు. గదిలో వేడి 10 డిగ్రీలు పెరిగితే టైము ఇంచుమించు సగమవుతుంది. అరిసెలు వండిన చేతికి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆరోగ్యం గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే వారాంతపు క్లాసుల్లో పిల్లల చేత కూడా ఒట్టి చేతులతో పోయిస్తున్నారు. నాకు చాలా బాధగా ఉంటుంది. గట్టిపడని ఎపాక్సీ చర్మానికి తగులుతూ ఉంటే కొంతమందికి అలర్జీ మొదలవుతుంది. ఒకసారి మొదలైతే మళ్ళీ పోదు, తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లు వస్తాయి. నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. చేతికి అంటితే సబ్బుతో కడగండి, థిన్నర్‌తో తుడిస్తే చర్మంలోకి ఇంకా ఎక్కువ దిగుతుంది. తేమ రాకుండా తలుపులు మూస్తాం కాబట్టి ఆవిరి గదిలోనే ఉంటుంది. అందుకే ఆవిరిని వడగట్టే కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టుకుని పోస్తాను, పని అయిపోగానే గది మూసి బయటికి వచ్చేస్తాను. వాసన లేదంటే ప్రమాదం లేదని కాదు.

నా మాటకి ఎదురు మాటలు చాలా విన్నాను. కొనేవాళ్ళకి టర్కాయిసే కావాలి, నువ్వు పలక రంగు సముద్రం చేస్తే ఎవరు కొంటారు అంటారు. మొదట్లో నాకూ అదే టెన్షన్. అప్పుడు చేసిన పని ఒక్కటే. ఆర్డరు ఇవ్వడానికి వచ్చినవాళ్ళకి రెండూ పక్కపక్కన పెట్టి చూపించడం మొదలుపెట్టాను. ఒకటి సెట్‌లోని నీలం. రెండోది ఫిబ్రవరి మధ్యాహ్నం తెన్నేటి పార్కు నుంచి చూసిన నీలం, కింద నల్ల ఈకలతో. అందరూ రెండోదే తీసుకున్నారని అబద్ధం చెప్పను. కానీ రెండోదాని ముందు మనుషులు మాట్లాడటం మొదలుపెడతారు. ఇక్కడే కదా మేము ఈత నేర్చుకున్నాం అని ఒకరు, యారాడలో ఇసుక ఇంకొంచెం ముదురు అని ఇంకొకరు. మొదటిదాని ముందు 'చాలా బాగుందండీ' అని ఊరుకుంటారు.

కళ అంటే ఊహ కదా, ఉన్నది ఉన్నట్టే చెయ్యాలా అని ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. ఊహించి పోయండి. ఊదా సముద్రం పోయండి, నల్ల సముద్రం పోయండి, నాకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ ఇంకొకరి బొమ్మ చూసి వేసినదాన్ని చూసి మనం వేసేదాన్ని ఊహ అనలేను.

మూడో మాట నన్ను నిజంగా ఇబ్బంది పెడుతుంది. ఇది ప్లాస్టిక్ కదా అని. అవును, ప్లాస్టిక్కే. 'ప్రకృతి సహజం' అని రాసి అమ్మేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. గట్టిపడ్డ ఎపాక్సీని కరిగించి మళ్ళీ వాడలేం. ఏటికొప్పాక బొమ్మల మీద లక్క కూడా ఒక రకం రెసినే, లక్క పురుగులు విడిచే జిగురు. అంకుడు కర్ర తిరుగుతుంటే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పడుతుంది. రంగులు పసుపు నుంచి, నీలిమందు నుంచి తీస్తారు. ఆ పనికి కర్ర, లక్క, రంగు అన్నీ నేల మీదివే. నా పనికి రెండు డబ్బాలూ కర్మాగారంలోవి. అందుకే నెలకి మూడు బోర్డులకన్నా ఎక్కువ చెయ్యను. మళ్ళీ మట్టిలో కలవని వస్తువుని తయారు చేస్తున్నప్పుడు, అది ఇరవై ఏళ్ళు ఒక గోడ మీద ఉండదగ్గది అయి ఉండాలి. ఎండకి పసుపెక్కుతుంది కాబట్టి, నేరుగా ఎండ పడే గోడకి పెట్టొద్దని ప్రతి ఒక్కరికీ చెప్పి మరీ ఇస్తాను. ఫ్యాషన్ మారగానే అటక ఎక్కే సముద్రాన్ని చెయ్యడానికి నాకు ఇప్పుడు మనసొప్పదు. నాకు ఈ ఊరి నీళ్ళ దగ్గర దొరికేది చూపు ఒక్కటే, ఆ ఒక్కటీ అయినా ఇక్కడిది ఉండాలి కదా.

ఇప్పుడు ఆర్డరు తీసుకునేటప్పుడు ఏ రంగు కావాలని అడగను. ఏ నెల సముద్రం కావాలని అడుగుతాను, ఎన్ని గంటలప్పటిది అని అడుగుతాను. అలా అడిగినందుకు పోయిన నెల వచ్చిన జవాబు నన్ను ఇంకా కూర్చోనివ్వడం లేదు. అల్లిపురంలో పెరిగి ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్న ఒకావిడ. "2014 అక్టోబరు 13, పొద్దున్న" అన్నారు. హుద్‌హుద్ తుపాను ఊరి మీద పడ్డ మర్నాడు. తీరానికి తగిలింది 12న, ఆదివారం. మర్నాడు వాళ్ళ నాన్నగారు ఆవిడని వెంటబెట్టుకుని, విరిగిపడ్డ చెట్లు దాటుకుంటూ బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళి సముద్రం చూపించారట. ఆయన ఇప్పుడు లేరు.

నేను ఆ రోజు ఊళ్ళోనే ఉన్నాను. కానీ ఇంటికి నీళ్ళు మోసుకోవడంతోనే సరిపోయింది, ఒడ్డుకి వెళ్ళలేదు. కైలాసగిరి మీద చెట్లన్నీ ఆకులు రాలి మోడులైపోవడం చూశాను గానీ నీళ్ళు చూడలేదు. చూడకుండా పోయొద్దని ఇంతసేపు చెప్పిన మనిషిని. ఫోన్‌లో ఆవిడని అడుగుతూ పోయాను. మట్టి రంగా? అంత ఎరుపు లేదన్నారు. టీ రంగా? అంత పల్చన కాదన్నారు. చాలాసేపు ఆగి, "గోనెసంచి తడిస్తే ఎలా ఉంటుంది, అలా" అన్నారు. నురగ కూడా తెల్లగా లేదట, పప్పు పొంగినప్పటి నురగలా ఉందట.

ఎనిమిది చిన్న పలకల మీద పోసి చూశాను. ఒక గోనెసంచి ముక్క తడిపి పక్కన పెట్టుకుని మరీ కలిపాను. మూడోది మరీ ఎరుపెక్కింది, ఐదోదానిలో బూడిద రంగు ఎక్కువైంది. ఏడోదాని అంచు ఒక్కటి, ఓ చోట, దగ్గరగా ఉందనిపిస్తోంది. ఎనిమిదింటికీ వెనక నంబర్లు వేసి కిటికీ దగ్గర వరసగా పెట్టాను. ఆదివారం ఆవిడ వస్తున్నారు. రేపు మీటరు 60 కిందకి దిగితే తొమ్మిదోది పోస్తాను.